“ఎవరికి?” అని అడిగే సుగుణక్క

ఈ ఉదయం అలమర సర్దుతుంటే ఒక పాత నవల చేతికి తగిలింది. తెరవకముందే గోంగూర పచ్చడి వాసన వచ్చింది. ఇన్నేళ్లయినా పచ్చడి నూనె మరక అట్ట మీంచి లోపలి పేజీల దాకా అలాగే ఉంది. కాకినాడలో మా వంటింట్లోనూ పచ్చడి జాడీ ఉంది గానీ ఈ వాసన దానిది కాదు. ఇది రియాద్‌లో మా నర్సుల బస్సు వాసన. అది తగలగానే డ్రైవరు వెనక సీట్లో అక్కడ ఆడవాళ్లు పైన వేసుకునే నల్లటి అబాయా అంచు సర్దుకుంటూ, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్న సుగుణక్క కళ్లముందుకొచ్చింది.

సుగుణక్కది ఏలూరు పక్క. మా హాస్పిటల్లో తెలుగు నర్సులందరికంటే సీనియరు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో మాకక్కడ తెలుగు పుస్తకం దొరకడమంటే ఎవరో ఒకరు సెలవుకెళ్లి రావడమే. వెళ్లిన ప్రతివాళ్లూ పచ్చళ్లతోపాటు ఒక పుస్తకం తేవాలన్నది అక్క పెట్టిన రూలు. ఈ నవల తెచ్చిన మహాతల్లి రెండింటినీ ఒకే చీరలో చుట్టింది, ఆ మరక అలా వచ్చిందే. పుస్తకం చదివినవాళ్లు దాని గురించి మర్నాడు బస్సులో చెప్పాలి. “చాలా బాగుంది, అందరూ చదవండి” అంటే అక్క ఒప్పుకునేది కాదు. “అందరూ అంటే ఎవరూ కాదు. ఎవరికిస్తావు? ఎందుకు?” అని అడిగేది. బస్సులో ఉన్నవాళ్లలో ఒకరిని చూపించి, ఈ పుస్తకం ఆమెకే ఎందుకివ్వాలో చెప్పి, అప్పుడు చేతికివ్వాలి.

నాకు ఆ బస్సంటేనే భయం. అసలు నోరు తెరవడమంటేనే భయం. పని బాగానే చేసేదాన్ని, కానీ డ్యూటీ మారేటప్పుడు వచ్చే నర్సుకు పేషెంట్లను అప్పగిస్తూ చెప్పే హేండోవర్ దగ్గర మాట తడబడేది. ఫైలులో తల దూర్చి, ఉన్నదంతా గడగడా చదివేసేదాన్ని. ఒకరోజు హెడ్ నర్సు పిలిచి, “ప్రొబేషన్ అయ్యేలోపు ఇది మారకపోతే నిన్ను ఉంచమని రాయలేను” అంది. మా ఇంట్లో మొట్టమొదటి పాస్‌పోర్టు నాది. ఉద్యోగం పోగొట్టుకుని, దాంతో తిరిగి ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడడం ఊహించుకోలేకపోయేదాన్ని.

ఈ సంగతి అక్కకు ఎవరు చెప్పారో తెలియదు. మర్నాడే ఈ నవల నా ఒళ్లో పడేసింది. అది ముగ్గురు అక్కచెల్లెళ్ల కథ. చదివాను. బస్సులో నా వంతు వచ్చింది.

“బాగుందక్కా,” అన్నాను.

“కూర బాగుందనొచ్చమ్మా లిల్లీ. ఇది ఎవరికిస్తావో చెప్పు మరి.”

అందరూ నావైపు తిరిగారు. వెనక సీట్లో రోజీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. సెలవు దొరక్క చెల్లెలి పెళ్లికి వెళ్లలేకపోయిన పిల్ల, వారం నుంచి సరిగా మాట్లాడడం లేదు. ఆమెను చూడగానే నా నోట్లోంచి మాటలు వాటంతటవే వచ్చాయి. “రోజీకిస్తానక్కా. ఇందులో పెద్దక్క కూడా పెళ్లికి రాలేకపోతుంది. పెళ్లికూతురి జాకెట్టు తనే కుట్టి పంపుతుంది. పీటల మీద చెల్లెలు ఆ కుట్లు తడుముకుంటూ కూర్చుంటుంది. రోజీ ముందు ఆ ఒక్క భాగం చదివితే చాలు.”

రోజీ చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. చాలా రోజులకు నవ్వింది కూడా.

దిగేటప్పుడు అక్క నా భుజం పట్టుకుని ఆపింది. “ఇప్పుడు నువ్వు చేసింది హేండోవరే. పుస్తకంలో ఉన్నదంతా చెప్పావా? లేదు. రోజీ మొహం చూసి, రోజీకి ఏది కావాలో అది చెప్పావు. వార్డులోనూ అంతే. ఫైలు ఆ వచ్చే నర్సు కూడా చదువుకోగలదు.”

ఆ సాయంత్రం ఫైలు మూసేసి, డ్యూటీకొచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి మొహంలోకి చూశాను. అది ఆమెకు మా వార్డులో మొదటి రోజు. “ఈ పెద్దావిడను నొప్పి ఉందా అంటే అరబ్బీలో ‘మాఫీ’, అంటే లేదనే అంటుంది. నమ్మొద్దు. ఎడమచేత్తో దుప్పటి బిగించి పట్టుకుందంటే నొప్పి వచ్చినట్టే,” అని నాకు వచ్చిన ఇంగ్లిషులోనే చెప్పాను. ఆమె వెంటనే వెళ్లి ఆ చెయ్యి చూసింది. వెనకనుంచి హెడ్ నర్సు వింటున్నట్టు నాకు తెలియదు. నెల తిరిగేసరికి నా ఉద్యోగం ఖాయమైంది. ఆరోజు నా గురించి నేను మొదటిసారి గర్వపడ్డాను.

కొన్నేళ్లకు అక్క ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి బయల్దేరింది. చివరిసారి మాతో బస్సెక్కినప్పుడు ఆమె చేతిలో ఈ నవలే ఉంది. చేతులు మారీ మారీ అట్ట వదులైపోయింది.

“ఎవరికక్కా?” అన్నాం అందరం.

“లిల్లీకి,” అంది. “అప్పుడు ఉద్యోగం పోతుందన్న భయంతో చదివింది. ఈసారి తనకోసం చదువుకోమని.”

ఇప్పుడు నేను నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఫైలు పట్టుకుని గడగడా మొదలుపెడితే ఆపేస్తాను. “ముందు ఎవరికి చెబుతున్నావో ఆమె మొహం చూడు,” అంటాను. “భలే చెప్పారు మేడం” అని వాళ్లు రాసుకోబోతారు. ఆ మాట నాది కాదని, ఏలూరు సుగుణక్కదని, ఆ పేరు కూడా రాసుకోమని చెప్పకుండా నేను పాఠం ముందుకు సాగనివ్వను.