ముగ్గు పిండితో కొలిచిన బావులు

ఈ ఎడారి దేశంలో నేల కింద నీళ్ళు ఎక్కడున్నాయో మొదట కనిపెట్టింది నేనే. మా బిల్డింగు లిఫ్టులో తెలుగువాళ్ళెవరు కలిసినా ఈ మాట చెబుతాను. రెండో అంతస్తు దగ్గర కొంచెం తగ్గిస్తాను: నేనొక్కణ్ణే కాదు లెండి, సర్కారు సర్వే బృందం కనిపెట్టింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి అసలు సంగతి బయటపడుతుంది: ఆ బృందంలో నేను టేపు పట్టుకునేవాణ్ణి.

అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. ఇక్కడి ప్రభుత్వం తన నేల కింద ఏముందో చూసుకోవడం మొదలుపెట్టిన కొత్త. ఏ కొండలో ఏ రాయి ఉంది, ఏ ఖనిజం దొరుకుతుంది, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, అన్నీ తెలుసుకోవాలి. రాళ్ళ బృందం వేరు, మాది నీళ్ళ బృందం. మా ముదీర్, అంటే పై అధికారి, సూడాన్ నుంచి వచ్చిన జియాలజిస్టు. జీపు నడిపేవాడు పెషావర్ వైపు పఠాను. మూడోవాణ్ణి నేను. నెలకొకసారి కొండల కింద ఉన్న బావులన్నీ తిరిగి నీటిమట్టం కొలిచేవాళ్ళం.

కొలవడం ఇలా. ఉక్కు టేపు కొసకు మూరెడు మేర నీలం సుద్ద రుద్ది బావిలోకి దింపాలి. నీళ్ళు తగిలినంత వరకూ సుద్ద రంగు ముదురుతుంది. పైకి లాగి, ఆ గీత ఎక్కడ ఉందో చదివి, పుస్తకంలో రాయాలి. అంతే. దీనికే నేను ఊరికి రాసిన ఉత్తరాల్లో 'భూగర్భ పరిశోధన' అని పేరు పెట్టుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కరోనా కాస్త తగ్గి, మా కోడలు ఇంకా ఇంట్లోంచే పనిచేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున్న నేను టీ గ్లాసుతో డైనింగ్ టేబుల్ వెనకనుంచి పోతూ ఆమె లాప్‌టాప్‌లో నా చేతిరాత చూశాను. ఏడు అంకె మధ్యలో అడ్డగీత. నా ఏడు అది. గ్లాసు టేబుల్ మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

మా కోడలు విశాఖలో జియాలజీ చదివింది. పెళ్ళై, పిల్ల పుట్టి, మా అబ్బాయి ఉద్యోగం వెంట ఈ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీకి వచ్చి, ఎనిమిదేళ్ళు వంటింట్లోనే ఉండిపోయింది. ఈ మధ్యే ఒక చిన్న కన్సల్టెన్సీలో ఆరు నెలల పని దొరికింది. పాత సర్వే పుస్తకాల స్కాన్లు చూసి అంకెలు ఎక్కించడం, చివర్లో ఒక రిపోర్టు రాయడం. రిపోర్టు బాగుంటే ఉంచుకుంటారు, లేకపోతే ఖలాస్. ఆ రిపోర్టు మీద మొదటిసారి తన పేరు ఉంటుందని ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ పొయ్యి మీద గిన్నె మాడింది.

"మావయ్యగారూ, ఇది మీ రాతేనా? నిజంగా?"

"నాది కాక ఎవరిదమ్మా? ఆ పుస్తకమంతా నేనే. ముదీర్ సంతకం పెట్టడానికే."

ఆ రోజు నుంచి టేబుల్ దగ్గర నాకో కుర్చీ ఏర్పడింది. ఏ బావి ఏ తోటలో ఉందో చెప్పేవాణ్ణి. తెలియనివి కూడా చెప్పేవాణ్ణి. వారం తిరక్కుండానే ఆమె ఒక వింత పట్టుకుంది. ఒక చలికాలం, చుక్క వాన పడని చలికాలం, మా బావులన్నిటిలోనూ నీళ్ళు ఒక్కసారిగా కొంచెం పైకొచ్చాయి. కొన్ని నెలలు అలాగే ఉండి, మళ్ళీ ఒక్కసారే దిగిపోయాయి.

"టేపు గాని మార్చారా మావయ్యగారూ, అప్పుడు?"

"లేదమ్మా. అదే టేపు."

అది నిజమే. టేపు మారలేదు.

"అయితే కొండల లోపల పగుళ్ళలోంచి ఎక్కడినుంచో నీళ్ళు వచ్చి చేరుతున్నాయేమో," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడాలి. ఎనిమిదేళ్ళలో ఆ మొహం నేను చూడలేదు. ఆ వెలుగులో నా నోరు ఆగలేదు.

"అవునమ్మా! ఒక బావిలో చెవి పెట్టి విన్నాను కూడా. అడుగున బుడబుడమని ఊట చప్పుడు."

ఆమె గబగబా రాసుకుంది. రిపోర్టులో ఒక పేరా అయింది: కొలిచిన వ్యక్తి ప్రత్యక్షంగా విన్న సాక్ష్యం.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు ఇడ్లీ దిగలేదు. నాలుగు అంటున్నాను గాని రెండే. మూడో రోజున తిన్నాను, కాని చట్నీ వేసుకోలేదు.

శుక్రవారం ఉదయం మా అబ్బాయి మనవరాలిని తీసుకుని బయటికి వెళ్ళాడు. టేబుల్ దగ్గర మా ఆవిడ, కోడలు, నేను. కోడలు రిపోర్టు ఆదివారం పంపాలని చెబుతోంది. ఇక లాభం లేదనుకున్నాను.

"అమ్మా, ఊట చప్పుడు నేను వినలేదు."

"పోనీలెండి, ఆ వాక్యం తీసేస్తాను."

"అదొక్కటే కాదు. టేపు మారలేదు గాని, సుద్ద మారింది."

ఆమె చేతిలో దోసె ముక్క అలాగే ఉండిపోయింది.

చెప్పాను. పఠానుకు నేను పులిజూదం నేర్పాను. బావి బావికీ చదునైన బండ వెతికి, దాని మీద సర్కారు వారి నీలం సుద్దతో పటం గీసేవాళ్ళం. ఖర్జూరపు గింజలు మేకలు, గులకరాళ్ళు పులులు. "బాబూ, తేరా షేర్ తో గయా!" అని, నా పులి చిక్కినప్పుడల్లా పఠాను కొండలు మారుమోగేలా నవ్వేవాడు. ఏడాదికి ఇచ్చిన సుద్ద పెట్టె అయిదు నెలల్లో అయిపోయింది. ముదీర్‌ను అడిగితే ఏం చేశారంటాడు. అబద్ధం చెబుదామంటే ఆయన మంచివాడు. నా ట్రంకులో పాలపొడి డబ్బా నిండా తెల్లటి ముగ్గు పిండి ఉంది. బియ్యప్పిండి. నీళ్ళతో కలిపి టేపుకు పూసి, ఎండలో ఆరబెట్టి, బావుల్లోకి దింపాను. కొత్త పెట్టె వచ్చేదాకా అంతే.

"ఆ పిండి ఎక్కడిది?" అంది మా ఆవిడ.

అసలు భయం ఇక్కడే మొదలైంది. పెళ్ళైన కొత్తలో నేను ఒక్కణ్ణే ఎడారికి పోతుంటే, గది గుమ్మం బోసిగా ఉండకూడదని ఆ డబ్బా కట్టి ఇచ్చింది ఆవిడే. ప్రతి శుక్రవారం ముగ్గు వేస్తున్నానని, ముదీర్ నిలబడి చూసి మెచ్చుకున్నాడని నేను ఉత్తరాలు రాశాను. ఆ ఉత్తరాలు ఆవిడ ఇరుగుపొరుగుకి చదివి వినిపించింది.

"ఒక్క ముగ్గయినా వేశారా?"

"లేదు."

"ఒక్కటి?"

"ఒక చుక్క పెట్టాను. గాలికి పోయింది."

మా ఆవిడ నావైపు చూడలేదు. కోడలు మాత్రం చూసింది. కోప్పడితే బాగుండేది. దోసె ముక్క పళ్ళెంలో పెట్టి, "నేను టేపు గురించి అడిగాను మావయ్యగారూ. ఒక్కసారి అడిగాను. మీరు చెప్పారని ఇంకెవర్నీ అడగలేదు," అంది. లాప్‌టాప్ మూసి గదిలోకి వెళ్ళింది. నేను కూర్చున్న కుర్చీ ఆ పూటంతా నన్ను మోయలేక మోసింది.

మధ్యాహ్నం తిరిగాక ఆమే బయటికి వచ్చింది. జుట్టు ముడేసుకుని, కొంగు దోపి ఉంది.

"పిండి పాకుతుంది కదా, తడి తగిలితే. ఎంత పాకుతుందో చూడాలి. అత్తయ్యగారూ, ఆ రోజుల్లో ఎలా కలిపేవారు?"

"నన్నడుగు. ఈయన్నడిగితే ఇప్పుడు గంగమ్మ వచ్చి కలిపిందంటారు," అంటూ మా ఆవిడ లేచింది. బియ్యప్పిండి గిన్నెలో పోసి, వేలితో తిప్పింది. "ఎంత జారుగా కలిపారండీ?"

"నీ మజ్జిగపులుసంత."

"అంత పలచగానా! మొహం చూడు. పూత ఆరాక తడి తగిలితే పీల్చేస్తుంది. ఈమాత్రం తెలియకుండా సర్కారు కొలువు ఎలా చేశారో."

పక్కనే ఉన్న ముసఫ్ఫాలో హార్డ్‌వేర్ షాపు నుంచి నీలం సుద్ద, ఉక్కు టేపు మా అబ్బాయి తెచ్చాడు. బాల్కనీలో నిండు బకెట్టు నీళ్ళు పెట్టాం. టేపు దించింది నేను. చదివింది కోడలు. సుద్ద గీత కత్తితో కోసినట్టు నిలిచింది. పిండి గీత మాత్రం నీళ్ళు దాటి మెల్లగా పైకి పాకింది, చీమలా. మళ్ళీ పూశాం, ఆరబెట్టాం, దించాం. సాయంత్రం దాకా ఎన్నిసార్లో. ఇరవై అంటాను గాని తొమ్మిదిసార్లు. కోడలి పుస్తకంలో తొమ్మిదే ఉన్నాయి. ప్రతిసారీ రెండు వేళ్ళ మేర, కాస్త అటూ ఇటూ.

ఆమె లోపలికి వెళ్ళి పాత అంకెలు చూసి వచ్చింది.

"ఆ చలికాలం బావుల్లో పెరిగిందీ ఇంతే మావయ్యగారూ."

కొండల లోపలి నీళ్ళు అక్కడికక్కడే ఇంకిపోయాయి. ఆమె కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి, ఒక్క క్షణం. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కోడలి భుజం మీద వేసింది. తర్వాత నాతో, ఉదయం నుంచి మొదటిసారి నెమ్మదిగా అంది: "నూతికాడ వేసిన ముగ్గే కదండీ. పోన్లెండి."

నేను బకెట్టు ఎత్తి ఆ నీళ్ళు బాల్కనీలో మొక్కలకు పోశాను. రెండు కుండీలు. పెంచి చెప్పడం లేదు, ఉన్నవి రెండే.

శనివారమంతా కోడలు రిపోర్టు మళ్ళీ రాసింది. ఆ నెలల అంకెలన్నీ రెండు వేళ్ళు దించింది. ఎందుకు దించిందో రాసింది. బకెట్టు సంగతీ రాసింది. "ఇలా పంపితే వాళ్ళు నన్ను ఉంచుకోకపోవచ్చు," అంది మా అబ్బాయితో. "అలా పంపితే నేనే ఉండలేను."

సోమవారం ఆమె ముదీర్ వీడియోలో మాట్లాడాడు. జోర్డాన్ ఆయన, నెరిసిన గడ్డం. కొలిచిన మనిషిని చూడాలన్నాడు. చొక్కా మార్చుకుని కూర్చున్నాను. ఎన్ని నెలలు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. ఒక పేజీ దగ్గర నాకు సందేహం వచ్చింది. అది సుద్దో పిండో గుర్తు లేదు. ఇంకో రోజైతే ఏదో ఒకటి చెప్పేవాణ్ణే. గుర్తు లేదన్నాను. ఆయన తలూపి అది రాసుకున్నాడు. తర్వాత కోడలితో చాలాసేపు మాట్లాడాడు. మిగతా పుస్తకాలూ ఆమెనే చూడమన్నాడట. అంకెలు ఎక్కించేముందు, వాటిని కొలిచినవాళ్ళలో బతికున్నవాళ్ళను వెతికి అడగమన్నాడట.

వీడియో కట్టేసి కోడలు కుర్చీ నావైపు జరుపుకుంది.

"మావయ్యగారూ, మీలాగా టేపు పట్టినవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"ఓ యాభై మంది..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆగాను. "ఇద్దరు. ఒకడి నంబరు పోయింది. రెండోవాడు కోళికోడ్‌లో ఉన్నాడు, నంబరుంది. కాని వాడికి చెవులు వినపడవమ్మా. అరిచి అడగాలి."

ఆమె కొత్త నోటుపుస్తకం తెరిచి, బాల్కనీ తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"అయితే అరుద్దాం రండి."