దెల్మీరా పరిచే తెల్లగుడ్డ

త్రినిదాద్ ఊళ్లో చిన్న విమానాల మైదానం పక్కన అర్సేనియోకి ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడికి వచ్చే పైలట్లు, "ఇది ఇంజిన్లు చూసే చోటా, పేరంటమా?" అని నవ్వేవారు. ఎందుకంటే తనిఖీకి పైలట్ ఒక్కడే వస్తే కుదరదు. ఇంటి దగ్గర అతని కోసం ఎదురుచూసే మనిషి కూడా రావాలి. అర్సేనియో ఇంజిన్ నూనె ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, భార్య దెల్మీరా ఉతికి ఇచ్చిన తెల్లగుడ్డ మీద ఎండలో పరిచేవాడు. "నేను చెప్పడం దేనికి, మీరే చూడండి," అనేవాడు. వచ్చినవాళ్లకి దెల్మీరా వేడివేడి జున్నురొట్టెలు పెట్టేది.

ఆ రోజు చేలో అనే పైలట్ ఒంటరిగా వచ్చాడు. అవతల పశువుల మకాంలో ఎడ్లని కోసి ఉంచారు. ఎండ ముదిరేలోగా అతను ఆ మాంసం విమానంలో ఊరికి తేవాలి. తీరా అతని ఇంజిన్ ఫిల్టరు కోసి చూస్తే కాగితం మడతల్లో సన్నని మెరుపు. అర్సేనియో అయస్కాంతం దగ్గర పెట్టగానే ఆ పొడి లేచి అతుక్కుంది.

"ఇనప రజను. లోపల ఏదో అరుగుతోంది. నీ పెళ్లాం నార్దీ ఏదిరా?"

"వాళ్లమ్మ దగ్గరికెళ్లింది. ఒక్క ట్రిప్పే కదా, దోన్ అర్సేనియో. మాంసం కుళ్లితే మీరు తింటారా?"

"తను చూడందే విమానం తాళంచెవి ఇవ్వను."

దెల్మీరా ఆ పొద్దున్నే నార్దీని సంతలో చూసింది. చేతులు తుడుచుకుని, మోటార్‌సైకిల్ మీద వెళ్లి ఆమెని వెనక కూర్చోబెట్టుకుని వచ్చింది.

నార్దీ గుడ్డ మీదకి వంగి చాలాసేపు చూసింది. "దోన్ అర్సేనియో, ఈ విమానంలో దెల్మీరమ్మని ఎక్కిస్తారా?"

"ఎక్కించను. నాకు కాఫీ ఎవరు పెడతారు?"

"మరి ఊళ్లోనే ఉన్న నన్ను మా అమ్మ దగ్గరికి పంపేసిన ఈ పెద్దమనిషిని ఎక్కించమంటారా?"

చేలో తల గోక్కున్నాడు. లేచి మకాంవాళ్లకి చెప్పడానికి రేడియో అందుకున్నాడు. "ఒరేయ్, మాంసం చీల్చి ఉప్పు పట్టించి ఎండెయ్యండి. నేను రావట్లేదు."

తరవాత ఇంజిన్ విప్పితే, వాల్వుల్ని లేపే ఇరుసు ఎలక కొరికినట్టు అరిగి ఉంది.

అర్సేనియో పోయి రెండు వానాకాలాలైంది. షెడ్డులో ఇప్పుడు అతని తమ్ముడు పని చేస్తున్నాడు. చేలో వచ్చినప్పుడల్లా పెళ్లాన్నీ, ఎండుమాంసం మూటనీ వెంటబెట్టుకొస్తాడు.

"ఇదిగో దెల్మీరమ్మా, మీ ఆయన ఎగరనివ్వని మాంసం."

దెల్మీరా మూట అందుకుంటుంది. తెల్లగుడ్డ పరిచి, గాలికి లేవకుండా ఒక మూల అర్సేనియో అయస్కాంతం పెడుతుంది.

"ముందు నువ్వు చూడు, నార్దీ," అంటుంది.