బాపు కారు పైకప్పును కొట్టి చూసిన రోజు

షోరూంలో సేల్స్ మనిషి, నడిపి చూడటానికి కారు తాళంచెవి తెచ్చి నేరుగా మా తమ్ముడి చేతిలో పెట్టాడు. కొనేది నేను. ముందు నుంచీ అతనితో ఫోన్లో మాట్లాడుతున్నదీ నేనే. తమ్ముడు నవ్వి తాళంచెవి నాకు అందించాడు. ఆ మనిషి "సారీ మేడం" అన్నాడు గానీ, ఆ తర్వాత కూడా మైలేజీ సంగతి తమ్ముడికీ, రంగుల సంగతి నాకూ చెప్పాడు.

నేను కరీంనగర్‌లో టీచర్‌ని. బాపు, అంటే మా నాన్న, నస్పూర్‌లో తమ్ముడి దగ్గర, కంపెనీ క్వార్టర్లో ఉంటాడు. బొగ్గుబాయిలో పనిచేసి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపినప్పుడు ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. ఇంటికి పెద్దదాన్ని నేను. నన్నొక మాట అడగాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు.

నెలనెలా ఆసుపత్రిలో చూపించుకోవడానికి బాపు కరీంనగర్ బస్సులో వస్తాడు. దిగేసరికి ఆయాసంతో మాట రాదు. బస్టాండ్ బెంచీ మీద చాలాసేపు కూలబడిపోతాడు. అందుకే ఈ కారు. నేనే వెళ్లి ఎక్కించుకుని రావాలి, నేనే తిరిగి దింపి రావాలి. నేను నడిపే బండిలో బాపు నిమ్మళంగా కూర్చోవాలి. నా ఆశ అంతే. కారు చూడటానికి ఆయన్నీ తమ్ముడితో పాటు షోరూంకి తీసుకొచ్చాను.

అది చిన్న సెడాన్. ఎక్కగానే నాకు నచ్చింది. సీటు కిందికి ఉందనిపించి, పక్కనున్న మీట లాగితే కావలసినంత పైకి లేచింది. డ్రైవింగ్ స్కూలు వాళ్ల పాత బండిని తొక్కి తొక్కి మొద్దుబారిన కాలుకి ఆ క్లచ్ దూదిలా అనిపించింది.

"ముందల కూసో బాపు" అన్నాను.

"వద్దు బిడ్డా, ఎన్క మంచిగుంటది" అని, తలుపు పట్టుకుని వంగి వంగి వెనక సీట్లోకి చేరాడు. సేల్స్ మనిషి నా పక్కన కూర్చున్నాడు, తమ్ముడు బాపు పక్కన.

బండి కదిలిందో లేదో వెనక నుంచి టక్, టక్ మని చప్పుడు. అద్దంలో చూశాను. బాపు వేళ్లు ముడిచి కారు పైకప్పును కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. బాయిలో వాళ్లు చేసే పని అది. పైనున్న బండను కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే దాని కింద నిలబడతారు, డొల్లగా మోగితే వెనక్కి వచ్చేస్తారు. కారు రేకు డొల్లగా కాక ఇంకెలా మోగుతుంది?

"డొల్లున్నది బిడ్డా. జర మెల్లగ."

బైపాస్ మీద గేరు మార్చిన ప్రతిసారీ టక్, టక్. ఎదురుగా పత్తి ట్రాక్టరు వస్తే పద్ధతిగా వేగం తగ్గించి పక్కకు తీశాను. బ్రేకు ఎంత మెత్తగా పట్టిందో! ఆ సంతోషం నాకు దక్కనే లేదు. "సూసి, సూసి" అని వెనక నుంచి కేక.

"మేడం మంచిగనే నడుపుతున్నరు పెద్దాయనా" అన్నాడు సేల్స్ మనిషి.

"బాయిలకు ఆడోళ్లను దింపకపోయేది ఉత్తగనేనా సార్?" అన్నాడు బాపు.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు తనూ నడుపుతానన్నాడు. లైసెన్సుంది గానీ వాడికి మోటారు సైకిలు తప్ప అలవాటు లేదు. నేను వెనక్కి మారాను. సేల్స్ మనిషి దిగి తమ్ముడికి సీటు సరిచేసేలోపు, ఎవరూ పిలవకుండానే బాపు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. సేల్స్ మనిషి వెనక నా పక్కకు చేరాడు.

బండి మాటిమాటికీ ఆగిపోయింది. స్పీడ్ బ్రేకర్‌ను చూసుకోకుండా ఎక్కిస్తే కారు అడుగు గీరుకుని గర్రుమంది. సేల్స్ మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూశాడు.

"ఏం గాదు కొడుకా, చెయ్యి కుదురుతది" అని బాపు నవ్వాడు.

నేను దారి పొడుగునా ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. అవి మోకాళ్ల మీద నుంచి లేవలేదు. అదే కారు, అదే రేకు. ఒక్కసారి, ఒక్కసారైనా కొట్టి చూస్తాడేమోనని ఎదురుచూశాను. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే నా పేరు మీద కారు బుక్ చేశాను. కారు వచ్చాక, బాపు ఆసుపత్రికి రావలసిన రోజు పొద్దున్నే ఫోన్ చేసి, బయల్దేరుతున్నానని చెప్పాను.

"తమ్మునికి డ్యూటీ ఉన్నది బిడ్డా, వాడు నడుపుతందుకు రాడు. నేను బస్సుల వస్త. నీకెందుకు పరేషాన్?"

ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆపుకుని నిలబడ్డాను. బస్టాండ్ నుంచి వచ్చిన ఆటోలోంచి బాపు రొప్పుతూ దిగాడు. ఆ ఆటోకు పైన ఉన్నది రెగ్జిన్ గుడ్డ. ఎవరో ముక్కూ మొహం తెలియని మగవాడు నడుపుతుంటే, ఆయన దాని కింద నిశ్చింతగా కూర్చుని వచ్చాడు.