ముప్పై ఏడుసార్లు చచ్చిన దొర

బ్రిటిషువాళ్లు 1947లో మన దేశం విడిచి వెళ్లిపోయారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వాళ్లు కేతేపల్లి మండలంలో తిరిగి ప్రత్యక్షమైన సంగతి మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాళ్లందరి తరఫునా వచ్చినవాడు ఒక్కడే. పేరు ఎల్లస్వామి. వృత్తి బోరు మోటార్లు బాగుచేయడం, ప్రవృత్తి కల్లు తాగడం. రెంటిలో దేనికి ఎక్కువ సమయం కేటాయించేవాడో కాలిపోయిన మోటార్లను అడిగి తెలుసుకోవాలి.

ఎల్లస్వామిది తెల్లతోలు. పిల్లికళ్లు. ఎండలో తిరిగితే అందరిలా నల్లబడక, పండిన టమాటలా ఎర్రబడేవాడు. ఈ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో వంశంలో ఎవరూ చెప్పలేకపోయారు. తల్లి నర్సింగమ్మ మాత్రం, కడుపుతో ఉన్నప్పుడు కొబ్బరి బాగా తిన్నానని చెప్పి ఆ చర్చను శాశ్వతంగా ముగించింది.

చౌటుప్పల్‌లో రజాక్ అని ఒకాయన ఉన్నాడు. సినిమాలకూ సీరియళ్లకూ గుంపులో నిలబడే మనుషులను వ్యానులో తోలుకుపోవడం ఆయన పని. ఆ ఏడు ఒక స్వాతంత్ర్య పోరాటం సీరియలుకు తెల్లదొరలు కావలసి వచ్చారు. హైదరాబాదులో దొరికే అసలు తెల్లవాళ్లతో చాలా చిక్కు. ఎండకు ఓర్వరు, కారానికి ఓర్వరు, చావమంటే ఎందుకు చావాలని అడుగుతారు. ఈ బెంగతోనే రజాక్ ఒకరోజు కేతేపల్లిలో చుట్టాల పొలానికి వెళ్లాడు. అక్కడ చెడిపోయిన మోటారును భుజాన వేసుకుని, నిక్కరు మీద, ఎర్రటి ముఖంతో బావిలోంచి పైకి వస్తున్న ఎల్లస్వామి కనిపించాడు. రజాక్ చాలాసేపు చూసి అడిగాడు.

"అన్నా, నువ్వు జర ఇంగ్లీషోని లెక్క ఉన్నవ్. సీరియల్ల చస్తవా?"

ఎల్లస్వామి ఆలోచించాడు. "చచ్చినంక ఇంటికి పోవచ్చునా?"

"పొద్దుమూకేవరకు ఇంటి కాడ దింపుత."

అలా ఒప్పందం కుదిరింది.

మొదటి చావు బల్లెంపోటుతో వచ్చింది. తర్వాత తుపాకీ గుండ్లతో పదకొండుసార్లు పోయాడు. గుర్రం మీంచి పడి నాలుగుసార్లు. జీపుతో సహా పేలిపోయి ఒకసారి. ఎద్దు కుమ్మి ఒకసారి. ఇది కథలో లేదు, ఎద్దు సొంతంగా కల్పించుకుంది. మిగతావి గుంపులో కలిసిపోయాయి. మొత్తం ముప్పై ఏడు చావులు. దేశ స్వాతంత్ర్యం కోసం ఇన్నిసార్లు ప్రాణాలర్పించినవాడు, అదీ అవతలి పక్షాన నిలబడి, మరొకడు లేడు.

ఆయన కళకూ కల్లుకూ ఉన్న సంబంధం గురించి ఇక్కడ కొంత చెప్పాలి. ఒక్క చుక్క లేకుండా కెమెరా ముందు నిలబెడితే ఎల్లస్వామి చేతులు వణికేవి. రెండు సీసల కల్లు పడితే వెన్ను నిటారయ్యేది, గడ్డం పైకి లేచేది, ఎదుటి మనిషి పురుగులా కనిపించేవాడు. దర్శకులు కోరే ఇంగ్లీషు దర్జా సరిగ్గా అదే. మూడో సీస పడితే మాత్రం లోకమంతా అన్నదమ్ముల్లా కనిపించేది. అలా ఒకసారి, పన్ను కట్టని రైతును కొరడాతో కొట్టవలసిన కలెక్టరు, ఆ రైతును కౌగిలించుకుని భోరున ఏడ్చాడు. అప్పటినుంచి రజాక్ వ్యానులో రెండు సీసలే ఎక్కేవి. మూడోది ఎల్లస్వామి ఎక్కడ దాచేవాడో సామ్రాజ్యపు గూఢచారులకు కూడా అంతుపట్టేది కాదు.

ఆ మూడో సీస మహిమతోనే ఒక యుద్ధరంగంలో శవంగా పడుకుని గురక పెట్టాడు. ఆ శవం పక్కన నిలబడి కథానాయకుడు దేశమాత గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. శబ్దం చూసుకునే మనిషి చెవులకు తగిలించుకున్నవి తీసేసి, దగ్గర్లో ఎక్కడో బోరు వేస్తున్నారని ఫిర్యాదు చేశాడు. చివరికి కథానాయకుడు ఉపన్యాసం ఆపి, శవాన్ని ఇంకోసారి పొడవవలసి వచ్చింది.

ఇంత చేసినా ఊరు ఆయన్ను నటుడని నమ్మలేదు. కారణం చిన్నదే. ముప్పై ఏడు చావుల్లో ఒక్కదానిలోనూ ముఖం కనిపించలేదు. అయితే వీపు, లేకపోతే టోపీ, అదీ కాకపోతే బురద. అందరికంటే ఎక్కువగా నమ్మనివాడు పోచయ్య. తాటివనంలో చెట్లెక్కి కల్లు గీసేది ఆయనే. ఎల్లస్వామి ఒకరోజు పట్టుబట్టి ఆయన్ను టీవీ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద దుమ్ము లేచింది, గుర్రాలు పోయాయి, మూలన ఒక బూటు కాలు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

"గా బూటు నీదా?" అన్నాడు పోచయ్య.

"నాదే మామా."

"బూటు సినిమా కంపెనోళ్లది గదరా. నీదెట్లయితది?"

"లోపట కాలు నాది."

"కాలు కనవడ్తలేదు గద," అని పోచయ్య లేచి వెళ్లిపోయాడు.

పోచయ్య సంగతి అలా ఉంచితే, భార్య మల్లీశ్వరి మాట ఎల్లస్వామిని ఎక్కువ కోసేది. నీ మొగుడు సినిమాల్లో చేస్తాడట కదా అని ఎవరైనా అడిగితే ఆవిడ పత్తి ఏరుతున్న చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పేది. పొద్దున పోతాడు, మాపటికి వాసనతో వస్తాడు, సినిమాలో చచ్చి వస్తాడో చెట్టు కింద పడి వస్తాడో తనకేం ఎరుక అనేది. అందుకని ఎల్లస్వామి జీవితంలో కోరిక ఒక్కటే మిగిలింది. ఒకే ఒక్కసారి తన ముఖం తెర మీద నిండుగా కనపడాలి. ఊరు తనను యాక్టర్ అనాలి. ఊరి కంటే ముందు మల్లీశ్వరి అనాలి.

తొమ్మిదేళ్లు రజాక్ చెవిలో ఇదే పోరు పెట్టగా పెట్టగా ఆ రోజు వచ్చింది. కమలాకర్ అనే దర్శకుడు భువనగిరి గుట్ట కింద ఒక వెబ్ సిరీస్ తీస్తున్నాడు. అందులో ఒక దొర వేషం. ఈ దొర చావడు. కుర్చీలో కూర్చుని, గ్లాసులో విస్కీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, పైన కోటను చూస్తూ, "రేపటికి ఈ గుట్ట మాది" అంటాడు. కెమెరా నేరుగా ముఖం మీదే. నిజాం ఏలుబడిలోని భువనగిరి గుట్టతో ఇంగ్లీషువాళ్లకు పనేమిటని చరిత్ర తెలిసినవారు అడగవచ్చు. కమలాకర్‌ను ఎవరూ అడగలేదు.

దర్శకుడు ఒకే షరతు పెట్టాడు. ఆ రోజు ఎల్లస్వామి ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. ఎల్లస్వామి ఒట్టు వేశాడు. వేయడమే కాదు, నిలబెట్టుకున్నాడు కూడా. ఇది ఆయన జీవితచరిత్రలో ధ్రువీకరించి చెప్పవలసిన విషయం. చేతులు వణికినా, వయసు మళ్లిన దొరకు అది అందమేనని కమలాకర్ సరిపెట్టుకున్నాడు. ఎర్రటి పెట్టుడు మీసం అంటించారు. గ్లాసులో విస్కీకి బదులు చక్కెర లేని టీ డికాషన్ పోశారు. కెమెరా తిరిగింది. దొర గ్లాసు ఎత్తాడు. చూపుడువేలు అందులో ముంచి మూడు చుక్కలు నేల మీద చిలకరించి, ఆ తర్వాత హుందాగా తాగాడు.

కమలాకర్ ఆపాడు. "తాగే ముందు ఏం చేసిండ్రు మీరు?"

"ఏం జెయ్యలే సార్."

నిజంగానే తాను ఏమీ చేయలేదని ఎల్లస్వామి నమ్మకం. తాటివనంలో కల్లు తాగేవాళ్లకు ఒక మర్యాద ఉంది. ప్రతి గ్లాసుకూ మొదటి గుక్కకు ముందు మూడు చుక్కలు ఎల్లమ్మ తల్లికి నేల మీద వదలాలి. దాన్ని సాక పోయడం అంటారు. తల్లి పుచ్చుకోనిదే బిడ్డ పుచ్చుకోకూడదు. ముప్పై ఏళ్లుగా ఎల్లస్వామి ప్రమేయం లేకుండా ఆయన వేలే ఈ పని చూసుకుంటోంది. పొద్దుటినుంచి చుక్క పడని గొంతుకు గ్లాసు దగ్గరకు రాగానే, అది కల్లా డికాషనా అని వేలు విచారించలేదు.

మళ్లీ తీశారు, మళ్లీ వేలు ముంచాడు. రజాక్ ఆ వేలికి బట్ట చుట్టి కట్టు కట్టాడు. బొటనవేలు బాధ్యత తీసుకుంది. కుడిచేతికి గ్లాసు ఇచ్చి ఎడమచేత్తో టోపీ పట్టుకోమన్నారు. ఎడమచెయ్యి టోపీని వదిలేసి సాయానికి వచ్చింది. పదిహేడోసారికి పొద్దు గుట్ట వెనక్కి జారుతోంది. గుట్ట కింద నేల అప్పటికి యాభై ఒక్క చుక్కల డికాషన్ తాగింది. కమలాకర్ పోతున్న వెలుగును చూసి, దొర ఈగను తోలుకుంటున్నాడని జనం అనుకుంటారులే అని, అదే ఖాయం చేశాడు.

నాలుగు నెలలకు ఆ సిరీస్ ఫోన్లలోకి వచ్చింది. ఒక పొద్దున తాటివనంలో, పోచయ్య ఫోనును కల్లుకుండకు ఆనించి పదిమందీ చుట్టూ కూర్చున్నారు. దొర వచ్చాడు. పదకొండు సెకన్లు, ముఖం నిండుగా, ఎదురుగా. ఎల్లస్వామి అందరి వైపూ చూశాడు.

"ఈన నువ్వు గాదు," అన్నాడు పోచయ్య. దొరకు ఎర్ర మీసం ఉంది, ఎల్లస్వామికి మీసమే లేదు. గొంతు కూడా వేరు. హైదరాబాదులో ఎవరో ముక్కుతో మాట్లాడేవాడు చెప్పాడు. మిగతావాళ్లు కూడా తలలు ఊపారు. తొమ్మిదేళ్ల తపస్సు పదకొండు సెకన్లలో మట్టిపాలైంది.

ఎల్లమ్మ గుడి చూసుకునే సాలమ్మ, అమ్మవారికి సాక కల్లు తీసుకుపోవడానికి అప్పుడే వచ్చి వెనక నిలబడి ఉంది. ఆమె ఆ ముక్కను మళ్లీ పెట్టించుకుని చూసింది. ముచ్చటగా మూడోసారి కూడా చూసి, ఎల్లస్వామి వైపు తిరిగింది.

"గిలాసల ఏముండె బిడ్డా?"

తన కళ గురించి ఊళ్లో ఒక మనిషి ప్రశ్న అడగడం అదే మొదలు. ఎల్లస్వామి పొంగిపోయి, సినిమాల్లో విస్కీ ఎలా తయారవుతుందో పూసగుచ్చినట్టు వివరించాడు.

"చాయ్ డికాషన్ అత్తా. చక్కెర గూడ ఉండదు."

పదిమందీ చేతుల్లోని సీసలు కింద పెట్టారు.

"చక్కెర గూడ లేని చాయ్ నీళ్లు తల్లికి సాక పోసినవా?" అంది సాలమ్మ. ఎన్నిసార్లని కూడా అడిగింది. ఆయన నిజాయితీగా పదిహేడని చెప్పాడు.

ఆదివారం పొద్దున ఎల్లమ్మ గుడి ముందు ఊరు కూర్చుంది. తల్లికి అపచారం చేసినవాడు నలభై ఒక్క రోజులు కల్లు ముట్టకూడదు. ఆఖరి రోజున ఒక నిండుకుండ కల్లు తల్లికి సమర్పించి తప్పు చెప్పుకోవాలి. ఇది పెద్దల నాటి కట్టుబాటు. తప్పు ఖాయం కావాలంటే ముందు ఆ దొర ఎల్లస్వామేనని తేలాలి.

ఇక్కడే పోచయ్య లేచాడు. ఎల్లస్వామి నలభై ఒక్క రోజులు రాకపోతే వనంలో రెండు చెట్లు పనిపాటా లేకుండా నిలబడి ఉంటాయని ఆయన అప్పటికే ఆలోచించుకున్నాడు. ఆ దొర వీడు కానే కాడని, తొమ్మిదేళ్లుగా తాను ఈ మాటే చెబుతున్నానని, మీసం చూడండని, గొంతు వినండని గట్టిగా వాదించాడు.

సాలమ్మ ఎల్లస్వామిని అడిగింది. "నువ్వే చెప్పు. గాయన నువ్వేనా? కాదంటే ఇంటికి పో."

పోచయ్య పక్కకు వంగి గొణిగాడు. "కాదనురా. చెట్టు మీద కుండ నిండి ఉన్నది."

ఎల్లస్వామి తాటిచెట్ల వైపు చూశాడు. గుటక వేశాడు. ఊరివైపు చూశాడు.

"నేనే అత్తా," అన్నాడు.

పోచయ్య ఓడిపోదలచుకోలేదు. ఆఖరి అస్త్రం తీశాడు. "ఇనుండ్రి. గా దొర సగం తాగి గిలాస బల్ల మీద పెట్టిండు. వీడు పుట్టి బుద్ధెరిగినంక సగం గిలాస ఎన్నడన్న ఇడిసిపెట్టిండా?"

సభ కదిలిపోయింది. ఇది కాదనలేని సాక్ష్యం. డికాషన్ చేదుగా ఉందని, చేదు కాబట్టే వదిలేశానని ఎల్లస్వామి మొత్తుకున్నాడు. తన పక్షాన వాదిస్తున్నవాణ్ణి అబద్ధాలకోరని తిట్టాడు. తప్పు చేసింది తానేనని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తప్పు ఒప్పుకోవడానికి ఒక మనిషి అంత పోరాడడం ఆ ఊళ్లో ఎవరూ ఎరుగరు. అయినా తలలు పోచయ్య వైపే ఊగుతున్నాయి. చివరికి సాలమ్మ, కట్టుకున్నదాన్నే అడుగుదామంది.

మల్లీశ్వరి ముందుకు వచ్చింది. ఫోనులో దొరను చూసింది. మొగుణ్ణి చూసింది. నలభై ఒక్క రోజులు అన్న మాటను మనసులో ఒకటికి రెండుసార్లు తిప్పుకున్నట్టుంది.

"తొమ్మిదేండ్ల సంది అందరు అడుగుతున్నరు గద, ఇగ చెప్తున్న," అంది. "గాయన మా ఆయననే. తాగెటప్పుడు కండ్లు ఎట్ల మూసిండో సూడుండ్రి. గట్ల ఇంకెవ్వరు ముయ్యరు. మా ఆయన యాక్టర్. నలబై ఒక్క రోజులు సాలదు గని, సరే."

ఈ సాక్ష్యంలో గుర్తుపట్టడం ఎంతో, అవకాశం పట్టడం ఎంతో విచారించే స్థితిలో ఎల్లస్వామి లేడు. ఆయన పిల్లికళ్లు నిండిపోయాయి. తీర్పు చెప్పాక తలవంచి దండం పెట్టాడు. చూసేవాళ్లకు అది సన్మానసభలా కనిపించిందే తప్ప శిక్షలా కనిపించలేదు. పోచయ్య ఒక్కడే ముఖం గంటు పెట్టుకుని చెట్ల వైపు నడిచాడు.

మధ్యాహ్నం గ్రామపంచాయతీ మైకు మోగింది. పంచాయతీ లెక్కలు రాసే కారోబారు భిక్షం చదివాడు. "గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, యాక్టర్ ఎల్లస్వామికి నేటి నుండి నలభై ఒక్క రోజుల వరకు ఎవ్వరును కల్లు పోయరాదు."

మైకు స్తంభం కింద, ఎండలో, పిడచగట్టిన నాలుకతో నిలబడి ఎల్లస్వామి అంతా విన్నాడు. తర్వాత పంచాయతీ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"భిక్షమన్నా, చెరువు దిక్కు వాడకు ఇనవడ్డదో లేదో. జర ఇంకోసారి సదువు. పేరు కాడ నిమ్మలంగ."