ఎడమ కన్ను

నా జీవితంలో కావాలని ఒక్క మనిషికే కీడు చేశాను. చేసినందుకు పశ్చాత్తాపం ఉందేమోనని అప్పుడప్పుడు నన్ను నేను తడిమి చూసుకుంటాను. దొరకదు.

అది డెబ్బైల చివర. మా ఇల్లు ఛత్రినాకలో. బాపుకు నాలుగు బర్రెలుండేవి. నాకు ఏడేళ్ళప్పుడు ఒక బర్రె తల విదిలిస్తే కొమ్ము తగిలి బాపు ఎడమ కన్ను పోయింది. లోపలి తెర చిరిగింది, ఇక చూపు రాదని దవాఖానాలో చెప్పారు. పెద్దయ్యాక నేను జంతుశాస్త్రం చదివి పరిశోధనకు చేరాను. ఇన్ని అంశాలుండగా చేపల కళ్ళే ఎందుకు తీసుకున్నావని అందరూ అడిగేవారు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

కంట్లో వెలుగును పట్టే తెరను రెటీనా అంటారు. మనిషికి అది పోతే పోయినట్టే. చేపకు మాత్రం చచ్చిన తెర మళ్ళీ మొలుస్తుంది. ఎంతవరకు మొలుస్తుంది, మునుపటిలాగే ఉంటుందా అన్నది తేల్చడం నా పని. చార్మినార్ దగ్గర పక్షులూ చేపలూ అమ్మే సందులో ఒక దుకాణం నుంచి గోల్డ్ ఫిష్ తెచ్చుకునేదాన్ని. నీళ్ళ సంచిని వెలుతురుకు ఎత్తి ఒక్కో చేప కళ్ళూ చూసి ఏరుకుంటుంటే దుకాణం భాయ్‌కి నవ్వాగేది కాదు.

“ఏంది బహెన్, పెండ్లిచూపులు చూసినట్టు చూస్తున్నవ్! మచ్లీకి చష్మా పెట్టిస్తవా ఏంది?”

పని ఇలా ఉండేది. చేపను తడి దూదిలో చుట్టి ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చేత్తో సన్నటి సూదిని కంట్లోకి దించి చుక్క మందు ఎక్కించాలి. ఆ మందుకు తెర చస్తుంది. మా లాబ్‌లో ఒక ఆనవాయితీ ఉండేది: మందు ఎప్పుడూ కుడి కంటికే వేయాలి, ఎడమ కంటిని ముట్టకుండా పోలిక కోసం ఉంచాలి. ఎవరో రాసిపెట్టిన నియమం కాదది. ఎడమచేత్తో చేపను పట్టి కుడిచేత్తో సూది తీసుకునేవాళ్ళకు చేప కుడి కన్నే పైకి తేలుతుంది, అంతే.

నాది ఎడమచేతి వాటం. పలక మీద, కంచం దగ్గర, దేవుడి ముందు, ఎక్కడ ఎడమచేయి కదిలితే అక్కడ అమ్మ ఒకటి తగిలించి నన్ను కుడికి మార్చింది. నలుగురిలో అన్నీ కుడిచేత్తోనే చేసేదాన్ని. సూది మాత్రం ఆ చేతిలో వణికేది. అందుకని లాబ్ తలుపు దగ్గరగా వేసుకుని, సిగ్గుపడుతూనే సూదిని ఎడమచేత్తో పట్టేదాన్ని. అప్పుడు చేప అటు తిరిగి ఎడమ కన్ను పైకొచ్చేది. అలా నేను మందు వేసినవన్నీ ఎడమ కళ్ళే. చేతిని దాచాను గానీ లెక్క దాచలేదు. నోటుబుక్కులో ప్రతి పేజీ మీదా ‘మందు: ఎడమ కన్ను’ అని రాశాను. ప్రతి శనివారం మా గైడు ఆ పేజీల కింద సంతకం పెట్టేవాడు. చదివి కాదు, ఛాయ్ తాగుతూ, పక్కవాళ్ళతో ముచ్చట్లాడుతూ.

రెండేళ్ళ చాకిరీ తర్వాత, మందు వేశాక మూడు నెలలు బతికిన చేపల కళ్ళు సన్నగా కోసి, రంగులద్ది, గాజుపలకల మీదికి ఎక్కించి చూశాను. తెర మొలిచింది! ఒక్క మూల మాత్రం కణాల వరుసలు వంకరగా ఉన్నాయి, చిరిగిన బట్టకు అతుకు వేసినట్టు. వెతికే కంటికి తప్ప అది కనబడదు. ఆ సాయంత్రం బస్సులో నాలో నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చి బాపుకు చెప్పాను.

“చేపకు మల్ల కన్నొచ్చిందా బిడ్డా? నిజంగనా?”

“ఒట్టు బాపు.”

“అయితే నీ పేరు అచ్చుల పడ్డనాడు నాకు సదివి ఇనిపియ్యాలె. ఒక్క కన్నుతోటి నాకు ఆ సన్న అచ్చరాలు కనవడయి.”

గాజుపలకల పెట్టె గైడుకు ఇచ్చాను. అక్కడ పెట్టి వెళ్ళమన్నాడు. వారం తర్వాత, “మందు సరిగా ఎక్కలేదమ్మా. చావని తెర మొలిచేదేంటి? మళ్ళీ మొదలుపెట్టు” అన్నాడు. నేను వెర్రిదాన్ని, మళ్ళీ మొదలుపెట్టాను.

ఆర్నెల్లకు నోటీసుబోర్డు మీద ఒక కాగితం కనబడింది. బయటి ఊళ్ళ శాస్త్రజ్ఞులు వచ్చే సభలో మా గైడు ప్రసంగమట. అంశం నాదే. పేర్లు మాత్రం ఆయనదీ, ఆయన అల్లుడిదీ. నా పేరు కూడా ఉంది, అడుగున: ‘స్లైడ్ ప్రొజెక్టర్ నడుపువారు.’

నేరుగా ఆయన గదికి వెళ్ళి, ఇది నా పని సార్ అన్నాను.

“లాబ్ నాది, మందు నాది, ఆలోచన నాది. చేతులు మాత్రమే నీవి. చేతులకు ఎవరైనా పేరు పెడతారా?” అన్నాడు. అని, ప్రొజెక్టర్‌లో వరుసగా అమర్చమని బొమ్మల డబ్బా నా ముందుకు తోశాడు.

కిటికీ దగ్గర ఒక్కో బొమ్మా ఎత్తి చూశాను. ముందు, నాకంటే పాత విద్యార్థి మందు వేసి చంపిన తెరల బొమ్మలు. అవి కుడి కళ్ళే. ఆ తర్వాత నావి. నా గాజుపలకల మీద ‘కుడి’, ‘ఎడమ’ అన్న చీటీలు తప్ప ఇంకేమీ లేవు. ఆయన లాబ్ ఆనవాయితీనే నమ్మి, కుడి కంటి కింద ‘మళ్ళీ మొలిచిన తెర’ అనీ, ఎడమ కంటి కింద ‘ముట్టని కన్ను’ అనీ రాయించాడు. మొత్తం తలకిందులు.

“అన్నీ సరిగా ఉన్నాయా?” అన్నాడు తలెత్తకుండా.

ఒక్క మాట చెప్తే సరిపోయేది.

“సరిగానే ఉన్నాయి సార్” అన్నాను.

సభకు ఇంకా నాలుగు రోజులుంది. బాధలో ఉన్నవాళ్ళకు అన్నం సయించదంటారు. నేను మాత్రం ఆ నాలుగు రోజులూ మారు వడ్డించుకుని తిన్నాను.

సభ రోజు కిటికీలకు నల్ల తెరలు దించారు. గైడు గొంతు సవరించుకుని, “చూడండి, మొలిచిన తెరకూ ముట్టని కంటి తెరకూ తేడానే లేదు” అన్నాడు. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచాడు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన శాస్త్రజ్ఞుడు. ఇందాకటి బొమ్మ మళ్ళీ వేయమన్నాడు. నేను ఆ మాట కోసమే కాచుక్కూచున్నాను. ఆయన బొమ్మ దగ్గరికొచ్చి చేతికర్రతో సరిగ్గా ఆ వంకర మీద తట్టాడు.

“ముట్టలేదంటున్న కంట్లో అతుకు ఉంది. మందు వేశామంటున్న కంట్లో గీత కూడా లేదు. అసలు మీరు ఏ కంటికి వేశారు?”

“కుడికే సార్. స్వయంగా నేనే వేశాను.” అంటూనే గైడు నా వైపు తిరిగాడు. “ఈ అమ్మాయి చీటీలు తారుమారు చేసి ఉంటుంది.”

నోటుబుక్కు ప్రొజెక్టర్ కిందే పెట్టుకున్నాను. తీసుకెళ్ళి పెద్దాయన చేతికిచ్చాను. ఎవరో దీపాలు వేశారు. ఆయన పేజీ తర్వాత పేజీ పైకే చదివాడు: ఎడమ కన్ను, ఎడమ కన్ను, ఎడమ కన్ను. ప్రతి పేజీ కిందా మా గైడు సంతకం. మా గైడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

“అమ్మా, నిజం చెప్పు. మందు వేసింది ఎవరు?” అని పెద్దాయన మెత్తగా అడిగాడు.

నేనే, నా ఎడమచేత్తో, అంటే చాలు. బొమ్మలు సరిదిద్దేవారు, పని నిలబడేది, నా పేరు దానికి అంటుకునేది. కానీ ఆయన పొరపాటు అక్కడితో సర్దుకుపోయేది కూడా. విద్యార్థి చెప్పలేదని ఒక మాట అనేసి ఇంటికెళ్ళి భోంచేసేవాడు. అది నాకు ఇష్టం లేదు.

“సారే వేశారు సార్. ఇప్పుడే చెప్పారు కదా. సంతకం కూడా వారిదే” అన్నాను.

హాలంతా ఒక్కసారి నవ్వింది. ఏ కంటికి మందు వేశారో తెలియని వాళ్ళ పనిని నమ్మలేమన్నాడు పెద్దాయన, బుక్కు మూసేస్తూ. ఆ పని ఎక్కడా అచ్చు కాలేదు. గైడు రిటైరయ్యేదాకా విద్యార్థులు వెనక నుంచి “ఏ కన్ను సార్?” అంటూనే ఉన్నారట. నేను ఆ నెలలోనే మానేసి మాదన్నపేటలో బడిపంతులమ్మనయ్యాను.

సభ నుంచి ఇంటికొచ్చేసరికి బాపు వాకిట్లో పాల డబ్బాలు కడుగుతున్నాడు. “నీ పేరు చెప్పిండ్రా బిడ్డా?” అన్నాడు. జరిగిందంతా చెప్పాను. చేతిలోని డబ్బా కింద పెట్టి ఒంటికన్నుతో నన్ను చూశాడు.

“బర్రె తన్నిందని పాలు నువ్వే పారబోసుకుంటివా?”

“పారబోసుకున్న బాపు. గని ఆయన గూడ తాగలె.”

“నా కన్ను పొడిసిన బర్రెను నేను అమ్మలే, ఎర్కేనా? కొట్టను గూడ కొట్టలే. ఇంక అయిదేండ్లు పాలిచ్చింది.”

“బర్రెకు ఏం చేసిందో తెల్వది బాపు. ఆయనకు తెలుసు.”

బాపు కడిగిన డబ్బా నాకు అందించాడు. ఎడమచేత్తో అందుకున్నాను. గడప దగ్గర అమ్మ చూసింది, ఆ రోజు మాత్రం చెయ్యెత్తలేదు.