అన్న పైపుకు నేను పెట్టిన మెరుగు

మొన్న మా అల్లుడు ఫోనులో ఏదో వీడియో చూస్తూ, మామా ఇది మీ పనే చూడండని నా ముందు పెట్టాడు. ఎవరో తెల్లాయన పాత తంబాకు పైపు ఒకటి చేతిలో పట్టుకుని, గిన్నె లోపల గట్టిపడ్డ మసి గీకి, నోట్లో పెట్టుకునే నల్ల గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. గొట్టం కొసన ఎవరివో పళ్ల గాట్లు. అవి అరిగిపోతుంటే నాకు తెలియకుండానే "అరే ఆగు, గవి తియ్యకు!" అని ఫోను మీద అరిచాను. అల్లుడు ఉలిక్కిపడి, పొద్దున బీపీ గోలీ వేసుకున్నారా అని అడిగాడు. వేసుకున్నాననే చెప్పాను. ఆ అరుపు వెనక ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు, అది మన ఈడు వాళ్లకైతేనే అర్థమవుతుంది.

నిజామాబాద్‌లో పైపుల పిచ్చి ఉందంటే బోరుబావి వేయిస్తున్నాడేమో అనుకుంటారు. నావి పొగ తాగే పైపులు. మా ముందర గదిలో గోడ మీద అద్దాల తలుపు వేసిన బోర్డుకు వరసగా వేలాడుతుంటాయి. ఇంటికొచ్చిన వాళ్లకు నేను చెప్పేది ఏమిటంటే, వంద పైపులు కూడబెట్టాననీ, అన్నీ నిజాం జమానాలో నిజాంసాగర్ కట్టించిన ఇంజనీర్లు కాల్చినవేననీ, బోర్డు ఒక నవాబుగారి దేవిడీ తలుపు టేకుతో చేసిందనీ, పొగ వాసన చూసి అది ఏ దేశపు తంబాకో చెప్పగలననీ. మీ దగ్గర దాపరికమెందుకు? పైపులు పదిహేడు. అందులో రెండింటికి గొట్టాలు లేవు. చాలామట్టుకు నిజామాబాద్ బస్టాండు వెనక కబాడీ దుకాణంలో, విరిగిన కళ్లద్దాల మధ్య, తాళం లేని గడియారాల మధ్య ఏరుకున్నవి. ఆ దుకాణం చాచా నన్ను దూరం నుంచి చూడగానే "ఆయియే ఫిట్టర్ సాబ్, మీ చెత్త మీకోసమే దాచిపెట్టిన" అని పిలిచేవాడు.

బోర్డు సంగతీ అంతే. అప్పట్లో బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసేవాణ్ని. గేటు దగ్గర ఒక పెద్ద చెక్క బోర్డు ఉండేది. దానికి నంబర్ల కింద కొక్కేలు, డ్యూటీకి వచ్చినవాడు తన ఇత్తడి బిళ్ల తన కొక్కేనికి తగిలించాలి. కార్డులు పంచ్ చేసే మిషను వచ్చాక దాన్ని షెడ్డు వెనక పడేస్తే, అడిగి తెచ్చుకుని ఒక ముక్క కోసుకున్నాను. పలచటి బిళ్లల కోసం కొట్టిన కొక్కేలకు పైపులు నిలవక జారి పడుతుంటే, కొక్కేలను పటకారుతో వెడల్పు చేసి, కింద సన్నటి పట్టీ కొట్టి, ఒక్కో గిన్నె కూర్చునేలా గుంటలు తొలిచాను. నేను కావాలనే కోసుకున్న ఆ ముక్కలో మా అన్న నంబరు కూడా ఉంది.

అన్నంటే మా పెద్దమ్మ కొడుకు, నన్ను ఫ్యాక్టరీలో పెట్టించినవాడు. చెరకు పాకం కాగే పాన్ దగ్గర పని. గాజు పలక మీద ఒక చుక్క పాకం రాసి, వెలుతురుకు పట్టి చూసి, గింజ కట్టిందో లేదో చెప్పేవాడు. బదిలీ మీద పోతూ ఒక ఇంజనీరు ఆయన పనికి మెచ్చి తన పైపు ఇచ్చిపోయాడు. దానికి తగ్గ సీమ తంబాకు మనకెక్కడిది? మా వదిన ఇంట్లో బీడీలు చేసేది. చాటలో అడుగున మిగిలిన తంబాకు చిటికెడు తీసి ఆమే ఆ పైపులో కూరి ఇచ్చేది. అన్న డ్యూటీ దిగి, గడప మీద కూర్చుని, దొర పైపులో బీడీ తంబాకు కాలుస్తుంటే వాడకట్టంతా వాసన.

ఒక ఎండాకాలం మూడు రోజుల జ్వరంతో అన్న పోయాడు. కొన్నాళ్లకు వదిన ఆ పైపు తెచ్చి నా చేతిలో పెట్టి, గొట్టం ఊడొస్తున్నది, జర బిగించి ఇయ్యమంది. అంతే. అడిగింది బిగించడమొక్కటే.

వదిన దుఃఖం చూడలేక, అన్న మీద ప్రేమతో, నా పనితనమంతా ధారపోశానని చాలాకాలం అందరికీ చెప్పాను. అసలు మాట వేరు. అద్దంలా మెరిపిస్తే వదిన మురిసిపోయి, నీ దగ్గరే ఉంచుకో అంటుందనీ, అన్న నంబరు కొక్కేనికి దాన్ని తగిలించుకోవచ్చుననీ నా ఆశ. అందుకే గిన్నె లోపల మసి గట్టు చెక్క కనిపించేదాకా గీకాను. ఉప్పు నింపి, స్పిరిటు పోసి, ఇన్నేళ్ల వాసనంతా గుంజేశాను. పచ్చబడ్డ గొట్టాన్ని గరుకు కాగితంతో, తర్వాత పళ్లు తోముకునే పొడితో రుద్ది నల్లగా నిగనిగలాడించాను. దాని కొసన అన్న పళ్ల గాట్లుంటే, వాటినీ చదును చేశాను. చివరకు తేనెమైనం పట్టించాను.

వదిన దాన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. గొట్టం కొస మీద బొటనవేలు ఆడించింది. మళ్లీ ఆడించింది. "ఏం మరిదీ, ఇదెవరిది?" అంది.

రెండు రోజుల్లో సరిచేసి తెస్తానని దాన్ని పట్టుకుని క్వార్టరుకు వచ్చాను. సరిచేయడమంటే ఏం చేశాననుకున్నారు? నా పళ్లతో ఆ గొట్టాన్ని బలంగా కొరికాను. నా ముందు పన్ను అంచు విరిగింది. చెరకు ఆడే క్రషింగ్ సీజన్లో రోలర్ల దగ్గర ప్రమాదమని తర్వాత చెప్పుకున్నాను గానీ, నిజం ఇదే. గాట్లు మాత్రం బాగా పడ్డాయి. వదిన మళ్లీ బొటనవేలు ఆడించి, ఈసారి నా మొహంలోకి చూసింది.

"మీ అన్న ఎడమ దిక్కు కొరికేటోడు. నువ్వు కుడి దిక్కు కొరికినవ్. దొంగతనం గూడ సక్కగ చేతకాదు నీకు."

తిడుతుందనుకున్నాను. చాట ముందుకు లాక్కుని, చిటికెడు తంబాకు తీసి, పైపులో కూరి, అగ్గిపెట్టెతో సహా నాకిచ్చింది. "ఖరాబు చేసినోనివి నువ్వే బాగు చెయ్యాలె. పండ్ల గుర్తులు ఎట్లాగు రావు. వాసనన్న తే. ప్రతి ఐతారం వచ్చి గీ గడప మీద కూసొని తాగు, నేను చాలన్నదాంక."

ఇప్పుడింకొకటి ఒప్పుకోవాలి. నేను జన్మలో పొగ తాగి ఎరుగను. ఏ దేశపు తంబాకో చెప్పేవాణ్నన్నాను చూశారూ, ఆ మొదటి దమ్ముకే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. "మింగకయ్యా, పుక్కిట్ల పెట్టి ఇడువు" అని వదిన నేర్పింది. ఆ వానాకాలమంతా ప్రతి ఆదివారం సైకిలు మీద బోధన్ పోవడం, గడప మీద కూర్చుని దగ్గుతూ పొగ వదలడం, వదిన ఆకు చుడుతూ మధ్య మధ్యలో పైపు అందుకుని వాసన చూసి, ఇంకా రాలేదని తిరిగివ్వడం. ఛాయ్ మాత్రం ప్రతిసారీ పోసేది. కార్ఖానా కబుర్లు అడిగేది. అన్న బతికుండగా కూడా ఆ ఇంట్లో నేను అంతసేపు కూర్చోలేదు. లోపలి గదిలో మంచం మీద పెద్దమ్మ ఉండేది, చూపు పోయి, కొడుకు పోయిన సంగతి ఒకరోజు గుర్తుండి, ఒకరోజు మరిచిపోయి.

క్రషింగ్ మొదలవడానికి ముందటి ఆదివారం, నేను కొంచెం గట్టిగానే దగ్గాను. లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఎవడే వాడు, గట్ల దగ్గుతున్నడు? నా కొడుకెన్నడన్న దగ్గిండా?"

వదిన నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నాలుగో ఐతారమే పైపుకు వాసన వచ్చిందనీ, ఆరోజు పెద్దమ్మ మంచంలో లేచి కూర్చుని, డ్యూటీ దిగిండా వాడు, అన్నం పెట్టు అందనీ అప్పుడు చెప్పింది. నా దగ్గులో నాకు వినపడలేదు. తర్వాత ప్రతి ఆదివారం పెద్దమ్మ అట్లాగే అడిగిందట, నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నదట.

"గట్ల అడుగుతుంటె, ఇగ చాలు పో అని నీకెట్ల చెప్పాలె?" అంది వదిన. "ఇయ్యాల ఆమెనే పట్టుకున్నది నిన్ను. ఇగ చాలు తియ్."

పైపు నా చేతిలోంచి తీసుకుని తంబాకు డబ్బాలో పెట్టుకుంది. నా బోర్డుకు ఇమ్మని నేను అడగలేదు. పెద్దమ్మ ఆ సీజను మధ్యలోనే పోయింది. వదిన చాలా ఏళ్లు బతికింది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ చిమ్నీలోంచి పొగ రాదు. చెరకు బండ్లు బారులు తీరిన రోడ్డు మీద వడ్ల లారీలు పోతున్నాయి. పాత వస్తువులు బాగుచేయడం తెలుసని ఈ చుట్టుపక్కల వాళ్లు ఇంకా నాకు ఏదో ఒకటి తెచ్చి ఇస్తుంటారు, తాతగారి గడియారమో, ఎవరిదో కళ్లద్దాల డబ్బానో. ఇందులో ఏ గుర్తు చెరపకుండా ఉంచాలని నేనడిగితే వింతగా చూసి, అంతా కొత్తదానిలెక్క చెయ్యమంటారు. చేసి ఇస్తాను. సంతోషంగా తీసుకుపోతారు, ఒక్కరూ తిరిగొచ్చి నిలదీయరు. చెడగొట్టినవాణ్ని ప్రతి ఆదివారం పిలిచి, గడప మీద కూర్చోబెట్టి ఛాయ్ పోసిన ఆ కోపం మన ఈడు వాళ్లతోనే పోయేటట్టుంది.