చప్పుడు పట్టిన అరచెయ్యి

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాల బజార్లో బండి మీదే ఉన్నాను. పక్కకు తీసి, ఇంజను ఆపి, మళ్లీ చెప్పమన్నాను. "పొద్దుగాల షాపు తాళాలు తీసుకొని లేసిండు. గట్లనే కూలవడ్డడు" అంది. మామ అంటే మా అమ్మ తమ్ముడు, కోరుట్లలో బైకుల మెకానిక్. ఫోన్ పెట్టేశాక ముందుగా గుర్తొచ్చింది ఆయన మంచితనం కాదు. మూడేళ్ల కింద నలుగురి ముందు నేను ఆయన్ని అన్న ఒక మాట. క్షమించమని అడగాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడం దగ్గరే ఆగిపోయాను.

మామ పుట్టింది వీర్నపల్లి దిక్కు, కల్లు గీసే ఇంట్లో. ఆయన తండ్రి చెట్టెక్కే ముందు రోజూ మోకును, అదే నడుముకూ చెట్టుకూ చుట్టుకునే తాడును, ఈ చివర నుంచి ఆ చివరి దాకా గుప్పిట్లోంచి లాగి చూసేవాడట. ఒక్క పోగు గరుకుగా తగిలినా ఆ పూట చెట్టెక్కేవాడు కాదు. మామ మాత్రం చెట్ల జోలికి పోకుండా సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. పదిహేనేళ్ల మోతకు చెవులు పోయాయి. కోరుట్లలో షాపు పెట్టాక, ఎదుటివాడి నోరు చూసి మాట పట్టేవాడు. పెద్ద మీసాల గిరాకీలంటే ఆయనకు పడేది కాదు, మాట మీసంలోనే ఉండిపోతుందని.

చెవుల్లేకుండా మెకానిక్ పనేమిటని కొత్తవాళ్లు అడిగితే నవ్వేవాడు. "చెవికి అలవాటైతది. చేతికి కాదు" అనేవాడు.

నాది దూర ప్రయాణాల బండి. వెనక రెండు పక్కలా పెట్టెలు, ముందు గాలి అద్దం. ఇంటర్ పాసైతే దాని మీద కాశ్మీర్ తీసుకుపోతానని నా బిడ్డకు మాటిచ్చాను. పాసైంది. సరిగ్గా అప్పుడే చప్పుడు మొదలైంది. అరవై దాటితే సీటు కింద ఎక్కడో గిర్రుమనేది, ఎనభై దాటితే ఆగేది. జగిత్యాలలో ఇద్దరు చూసి ఏమీ లేదన్నారు. ఓపిక నా ఒంట్లో లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి, సీటు కింద సందు దొరికిన చోటల్లా కుక్కాను. చప్పుడు సగం తగ్గింది. నా అంత మెకానిక్ లేడని మురిసిపోయాను కూడా.

తెల్లారితే ప్రయాణమనగా మిగతా సగం నా ప్రాణం తోడేసింది. మధ్యాహ్నం బిడ్డను ఎక్కించుకుని మామ దగ్గరికి పోయాను. ఆయన నన్ను వెనక కూర్చోబెట్టుకుని చందుర్తి రోడ్డు మీద కొంత దూరం నడిపి చూశాడు. తిరిగొచ్చి ఒక్కో సామానూ విప్పసాగాడు. పెట్టెలు తీశాడు, గాలి అద్దం తీశాడు, సైడు అద్దాలు తీశాడు. ఒకటి తీయడం, ఇంజను రేపి చెయ్యి పెట్టడం, మళ్లీ ఇంకొకటి. పొద్దు వాలింది. బిడ్డ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ఫోన్లో టైం చూస్తోంది.

మొహం పక్కకు తిప్పుకుని అన్నాను: "చప్పుడే ఇనవడనోడు ఇంకేం పడ్తడు?"

షాపులో ఉన్నవాళ్లంతా చేతిలో పని ఆపి నన్ను చూశారు. అప్పుడు చూశాను, విప్పిన సైడు అద్దం మామ చేతిలో ఉంది. అందులోంచి ఆయన కళ్లు నా నోటినే చూస్తున్నాయి. ఆయన అద్దాన్ని మెల్లగా గోనెపట్టా మీద పెట్టాడు.

"స్టార్ట్ చెయ్యి" అన్నాడు, అంతే.

సీటు విప్పాడు. కింద రెండు వైపులా ఉన్న ఫ్రేము గొట్టాల మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా వెనక్కు జరిపాడు. కుడిచెయ్యి ఒకచోట ఆగింది. నా చెయ్యి పట్టి లాగి అక్కడ పెట్టాడు. గొట్టం అక్కడి దాకా జోరుగా వణుకుతోంది, జానెడు అవతల చచ్చుబడినట్టుంది. నేను కుక్కిన ట్యూబు ముక్కలు ఒక్కొక్కటే పీకి నా కాళ్ల ముందు వేశాడు. గుడ్డతో తుడిచాడు. వెంట్రుకంత పగులు, గొట్టం చుట్టూ సగానికి పైగా తిరిగి ఉంది.

"ఈ సీటు మీద ఎవలు కూసుంటరు?"

"బిడ్డ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు అర్థమైంది.

"బండి చెప్తనే ఉన్నది. నువ్వు దాని నోట్ల గుడ్డలు కుక్కినవ్."

ఈ పూటకు వెల్డింగ్ పెట్టి పోతానని బతిమాలాను. మామ బండి తాళంచెవి తీసి అంగీ జేబులో వేసుకున్నాడు. "అతుకు మీద కూసోవెడ్తవా బిడ్డను?" అన్నాడు. హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి పోయాం. ఆ రాత్రంతా ఏ ఘాట్ రోడ్డు మీదో ఆ గొట్టం విరిగినట్టే అనిపించి లేచి కూర్చున్నాను.

కొత్త ఫ్రేము రావడానికి పన్నెండు రోజులు పట్టింది. బిగించాక మామ నన్ను కాదు, నా బిడ్డను పిలిచాడు. సీటు కింద చేతులు పెట్టించి, "రెండు దిక్కుల ఒక్కతీరుగ వణుకాలె. ఆగిన కాడల్ల చూస్కో. మీ బాపుకు ఓపిక లేదు" అన్నాడు.

కాశ్మీర్ నుంచి ఆయనకు శాలువా తెచ్చాను. అంచు వేళ్ల మధ్య నలిపి, నేత మంచిగున్నదన్నాడు. ఆ తర్వాత కాసేపు నా నోటి వైపే చూశాడు, ఇంకేదో చెప్తానని. నేను ఛాయ్ తాగి వచ్చేశాను. దీనికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

మొన్న అదే శాలువా ఆయన మీద కప్పి పడుకోబెట్టారు. అలవాటు కొద్దీ ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు నిదానంగా కదిలించి చెప్పాను, తప్పయింది మామా అని. ఆయన కళ్లు మూసి ఉన్నాయి.

సాయంత్రం బయలుదేరాం. షాపు ముందు బండి ఆపమని బిడ్డ నా వీపు తట్టింది. షట్టర్ దించి ఉంది. ఇంజను నడుస్తుండగానే బిడ్డ దిగి, వంగి సీటు కింద అటూ ఇటూ చేతులు పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు ఉంది. "ఎట్లున్నది?" అన్నాను. హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కింది. బండి కదిలింది. ఎప్పుడూ రెండు చేతులూ నా భుజాల మీద వేసే పిల్ల, జగిత్యాల చేరేదాకా ఒక్క చెయ్యే వేసింది. సైడు అద్దంలో చూస్తే రెండోది సీటు కింద గొట్టం మీద ఉంది.